మీ సందేహం తీరింది

3, సోమవారం. ఉదయం 6:15

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

ఇవాళ్టి నుంచి ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కి నా లెక్కల పాఠాలన్నీ ఆన్‌లైన్ హంగులతోనే. శనివారం మా హెడ్మిస్ట్రెస్, అంటే మేమంతా పెద్ద మేడం అని పిలుచుకునే ఆవిడ, టీచర్లందరికీ తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో 'సందేహాల పెట్టె' అని ఒకటుంది. పిల్లలు ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి ప్రశ్న పంపొచ్చు. పేరు కనపడదు. పేరుకి బదులు ఒక జంతువు బొమ్మ వస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కొక్క జంతువు. మనం జవాబు రాసి 'తీరింది' అని నొక్కితే సరి.

సైన్స్ టీచర్ నా ట్యాబ్ వంక చూసి, "మీకెందుకు మేడం ఇవన్నీ, సుద్దముక్క ఉంటే చాలు కదా" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు సంగతి నాకు తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు నాది. చూపిస్తాను.

తీర్మానాలు:
1. ఆ రోజు ప్రశ్నకి ఆ రోజే జవాబు. ఒక్కటి కూడా మిగలకూడదు.
2. వారానికో వీడియో పాఠం.
3. వారానికో ఆన్‌లైన్ క్విజ్.
4. ఏదైనా రాకపోతే విసుక్కోకుండా కంప్యూటర్ సార్‌ని అడగాలి.
5. ట్యాబ్ మా అత్తగారి చేతికి ఇవ్వకూడదు.

సాయంత్రం 4:40

క్లాసులో ప్రకటించేశాను. "ఎంత చిన్న ప్రశ్నయినా అడగండి. ఎవరడిగారో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. ఆ రోజే జవాబు చెప్తాను. మాటంటే మాట."

ముప్ఫై ఎనిమిది తలలూ ఊగాయి. అయినా నా క్లాసులో సందేహాలు పెద్దగా ఉండవులెండి. పాఠం చివర "సందేహాలున్నాయా?" అని ఇన్నేళ్లుగా అడుగుతున్నాను, ఒక్క చెయ్యి లేవదు. అంత వివరంగా చెప్తాను మరి.

4, మంగళవారం. సాయంత్రం 5:30

ప్రశ్నలు: 9. జవాబులు: 9. పెండింగ్: సున్నా!!

"రేపు టెస్టులో ఇది వస్తుందా?" అని నలుగురు. వస్తుంది అని నలుగురికీ రాశాను.

"మా ఇంట్లో ఫోన్ పాడైంది టీచర్, అందుకే హోంవర్క్ చూడలేదు" అని ఏనుగు. పాడైన ఫోన్‌లోంచి ఇది ఎలా పంపావని అడిగాను. ఏనుగు మళ్లీ పలకలేదు.

"టీచర్, మీకు కోపం ఎందుకంత తొందరగా వస్తుంది?" అని పిల్లి. రాదు అని రాశాను. మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి మరీ రాశాను.

ఆఖరున ఉడుత. "టీచర్, హారం అంటే కింద ఉండేదా, పైన ఉండేదా? నవ్వకండి."

కింద ఉండేది, నవ్వలేదు అని రాశాను. నిమిషంలో మళ్లీ వచ్చింది. "థ్యాంక్స్ టీచర్. ఐదో తరగతి నుంచి అడుగుదామనుకుంటున్నాను."

అది చదివాక చేతిలో టీ చల్లారిపోయింది. మూడేళ్లు! కిందేదో పైనేదో తెలియకుండా మూడేళ్లపాటు భిన్నాలు చేసుకుంటూ వచ్చింది ఆ ఉడుత. అందులో పోయినేడాది, ఏడో తరగతిలో, నా క్లాసులోనే కూర్చుంది. సిగ్గేసింది. ఇప్పటికైనా అడిగిందని సంతోషం కూడా వేసింది. ఈ పెట్టె నా ప్రాణం మీదికి వచ్చినా సరే నడపాలి అనుకున్నాను.

6, గురువారం. సాయంత్రం 5:00

వీడియో పాఠం! బడి వదిలాక ఖాళీ క్లాసులో ట్యాబ్‌ని టేబుల్ మీద నిలబెట్టి, నలభై నిమిషాలు ఏకబిగిన చెప్పాను. గొంతు బాగా పలికింది. చీర కూడా ఆలోచించే కట్టుకొచ్చాను.

తీరా చూస్తే నలభై నిమిషాలూ నా వీపు. బోర్డు మీద ఏం రాశానో దేవుడికే తెలియాలి. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి, "చివరి బెంచీ! మాటలాపుతారా, లేచి రమ్మంటారా?" అని ఖాళీ బెంచీల మీద అరిచాను. అలవాటు. ఆ ముక్క మాత్రం స్పష్టంగా వచ్చింది.

కంప్యూటర్ సార్‌కి చూపించాను. "సింపుల్ మేడం, ట్యాబ్ కొంచెం పక్కకి పెడితే సరిపోయేది" అన్నాడు. ఈ మనిషికి అన్నీ సింపులే. విసుక్కోలేదు. (తీర్మానం 4.)

ప్రశ్నలు 17. జవాబులు 17. పర్వాలేదు, బండి నడుస్తోంది.

7, శుక్రవారం. సాయంత్రం 6:00

ఉడుత: "టీచర్, భిన్నాన్ని భిన్నంతో భాగించమంటే, రెండోదాన్ని తిరగేసి గుణించమంటారు కదా. ఎందుకు తిరగేయాలి?"

మంచి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న.

'అది పద్ధతి' అని రాశాను. చెరిపేశాను. 'పాఠ్యపుస్తకం చూడు' అని రాశాను. ముందు నేను చూద్దామని పుస్తకం తీశాను. 'రెండవ భిన్నమును తిరగవేసి గుణింపవలెను' అని ఉంది. ఎందుకో అది కూడా చెప్పలేదు.

తీరిగ్గా, వివరంగా, బొమ్మలతో సహా రాయాలి. హడావిడిగా రాసే జవాబు కాదిది. అందుకని ఇవాళ రాయలేదు.

పెండింగ్: 1.

9, ఆదివారం. మధ్యాహ్నం 12:30

ఏం చెప్పమంటారు!

పొద్దున్నే క్విజ్ తయారుచేశాను. భిన్నాల మీద పది ప్రశ్నలు. ఎంత ముచ్చటగా వచ్చిందంటే, మార్కుల్ని బట్టి దానంతటదే వ్యాఖ్య పంపే ఏర్పాటు కూడా పెట్టాను. పదికి పది వస్తే 'శభాష్'. నాలుగు లోపు వస్తే 'శ్రద్ధ చాలదు. తల్లిదండ్రులు వచ్చి టీచరును కలవవలెను'. ఆ లింకు క్లాసు గ్రూపులో పెట్టి స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి పద్నాలుగు మంది రాసేశారు. ఆదివారం పొద్దున పిల్లలకింత శ్రద్ధా అని మురిసిపోయి, పేర్లు చూశాను.

మొదటి ర్యాంకు: మా అత్తగారు. పదికి పది. రాసింది నా ట్యాబ్‌లోనే. (తీర్మానం 5 గోవిందా.)

లింకు వెళ్లింది క్లాసు గ్రూపుకి కాదు. మా ఇంటివాళ్ల గ్రూపుకి!

ఆఖరి ర్యాంకు: మా బావగారు. మా ఆయనకి అన్నగారు. అరవై ఒక్కేళ్లు, ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. పదికి మూడు. ఆయన పేరు పక్కన గాడిద బొమ్మ. అది ఆ యంత్రం ఇచ్చింది, నేనివ్వలేదు. కింద వ్యాఖ్య మాత్రం నాదే.

ఫోన్ మోగింది. మా ఆయన స్పీకర్ పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఇప్పటికీ చెప్పడు.

"తమ్ముడూ, నీ భార్య నా తల్లిదండ్రుల్ని తీసుకురమ్మంది. ఎప్పుడు తీసుకురావాలో కనుక్కుని చెప్పు."

అత్తగారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "వాడి తల్లిని నేనే కదమ్మా. ఇదిగో, వచ్చాను. చెప్పు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే. లెక్కలంటే పారిపోయేవాడు."

"అమ్మా, నేనింకా లైన్లోనే ఉన్నాను!" అన్నారు బావగారు.

ఇవాళ పెట్టె తెరవలేదు. ఇలాంటి రోజున ఎవరు తెరుస్తారు?

11, మంగళవారం

పెండింగ్: 23. (ఆ అంకె పెట్టె తెరవకపోయినా పైకే కనపడుతుంది.) కారణాలున్నాయి.

ఒకటి, పాస్‌వర్డ్ మర్చిపోయాను. మర్చిపోకుండా ఒక కాగితం మీద రాసి, మర్చిపోని చోట పెట్టాను. ఆ చోటు మర్చిపోయాను.

రెండు, ట్యాబ్ అత్తగారి దగ్గర ఉంది. పదికి పది వచ్చినప్పట్నుంచీ ఆవిడ ఎక్కడెక్కడివో క్విజ్‌లు వెతుక్కుని రాస్తున్నారు. మొన్న భూగోళశాస్త్రంలో బంగారు పతకం బొమ్మ వచ్చిందట. "ఒక్క పది నిమిషాలమ్మా, గండాలన్నీ దాటి చివరి రౌండుకొచ్చాను" అంటారు. పెద్దావిడ చేతిలోంచి ఎలా లాక్కోను?

మూడు, కళ్లు మండుతున్నాయి.

నాలుగు అక్కర్లేదు. మూడు చాలు.

14, శుక్రవారం. సాయంత్రం 4:30

పెండింగ్: 58. స్టాఫ్‌రూంలో గోడకి కొత్త తెర బిగించారు. ఏ టీచర్ దగ్గర ఎన్ని సందేహాలు మిగిలాయో ఎర్ర అంకెల్లో వస్తోంది. సైన్స్ టీచర్‌కి నాలుగు. నాకు యాభై ఎనిమిది. ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇవాళ ఉడుత మళ్లీ రాసింది. పెట్టె తెరవకుండానే, టింగుమని ట్యాబ్ మీద కనపడింది. "టీచర్, బిజీగా ఉన్నారా? పర్లేదు. తిరగేయడం గురించి అడిగాను. గుర్తుందా?"

గుర్తుండకపోవడమేమిటి! ఏడు రోజులుగా అన్నం తింటున్నా అదే, బోర్డు తుడుస్తున్నా అదే. క్లాసులో ఎవరై ఉంటారా అని వెతికాను. ముప్ఫై ఎనిమిది మొహాలూ చూశాను. ఏ మొహం చూసినా అదే అనిపించింది.

కంప్యూటర్ సార్ అన్నాడు, "ఉడుత ఎవరో కావాలా మేడం? సింపుల్, లోపల పేర్లుంటాయి."

"వద్దు" అన్నాను. మరీ గట్టిగా అన్నట్టున్నాను, అతను ఒకడుగు వెనక్కి వేశాడు. పేరు తెలుసుకోనని మాటిచ్చాను. జవాబు మాట ఎలాగూ తప్పాను, ఇదైనా మిగలాలి.

డైరీలోనైనా నిజం రాసుకోవాలి. పాస్‌వర్డ్ బుధవారమే దొరికింది. కళ్లు బాగానే ఉన్నాయి. పెట్టె తెరవగానే మొదట ఆ ప్రశ్న కనపడుతుంది, అందుకే తెరవడం లేదు. తిరగేసి గుణించడం నాకు నిద్రలో కూడా వచ్చు. ఎందుకు తిరగేయాలో ఎనిమిదో తరగతి పిల్లకి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం రావడం లేదు. ఇరవై తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగలేదు. అడగనిచ్చానో లేదో కూడా తెలియదు.

18, మంగళవారం

పెండింగ్: 91. ట్యాబ్‌లో ఆ టింగుమనే చప్పుడు ఆపేశాను. ప్రశాంతంగా ఉంది.

మా ఆయన మందుల షాపు నుంచి రాగానే అడిగాడు, "ఏమిటి, ఈ మధ్య నీ పెట్టె సంగతి ఎత్తడం లేదు?"

"బాగానే నడుస్తోంది."

"ట్యాబ్ బీరువాలో దుప్పట్ల కింద ఉంది."

"దుమ్ము పట్టకుండా పెట్టాను."

ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. కానీ ఆ పక్కనుంచి అత్తగారు, "దుప్పట్ల కిందా! అక్కడ చూడలేదు సుమా" అన్నారు.

21, శుక్రవారం. సాయంత్రం 4:10

పెద్ద మేడం నోటీసు: సోమవారం లెక్క చూస్తారట. సందేహాలు పేరుకుపోయిన క్లాసులకి పెట్టె మూసేస్తారట.

మొదట నెత్తిన పాలు పోసినట్టు అనిపించింది. మూసేస్తే పీడా వదిలిపోతుంది! తర్వాత ఉడుత గుర్తొచ్చింది. మూడేళ్లు నోరు కట్టుకున్న పిల్లకి దొరికిన ఒక్క దారీ మూసుకుపోతుంది. మూసినది నేనే అవుతాను.

పెండింగ్: 112. సోమవారం లోపు ఎలా?

స్టాఫ్‌రూంలో కూర్చుని ట్యాబ్‌లో పెట్టె అంతా వెతికితే, అడుగున చిన్న బటన్. 'అన్నీ తీరినట్టు గుర్తించు.'

పరీక్షల ముందు నలభై నోటుపుస్తకాల కట్ట వస్తే ఏం చేస్తాం? పేజీ తిప్పడం, ఎర్ర టిక్కు, సంతకం. పేజీ తిప్పడం, ఎర్ర టిక్కు, సంతకం. చదివామా? ఏ టీచరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమనండి.

నొక్కాను. 112 కాస్తా 0 అయింది. తెర మీద నా పేరు పచ్చగా మారింది.

పెట్టె అయితే నిలబడుతుంది. జవాబులు తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు. బతికాను!

24, సోమవారం. మధ్యాహ్నం 1:00

స్టాఫ్ మీటింగులో పెద్ద మేడం లేచి నిలబడి, "ఒక్క సందేహం కూడా పెండింగ్ లేని టీచర్ ఈ బడిలో ఒక్కరే. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసున్న మన లెక్కల మేడం! కొత్తవాళ్లు సిగ్గుపడాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సైన్స్ టీచర్ కూడా కొట్టింది. నేనెటు చూడాలో తెలియక ఫ్యాన్ వంక చూశాను.

సాయంత్రం 5:15

ఆ బటన్ నొక్కితే అంకె సున్నా కావడమే కాదట. ప్రశ్న అడిగిన ప్రతి పిల్లకీ ఒక సందేశం వెళ్తుందట. 'మీ సందేహం తీరింది. సంతోషం!' పక్కన నవ్వు బొమ్మ. నూట పన్నెండు సందేశాలు శుక్రవారమే వెళ్లిపోయాయి. కంప్యూటర్ సార్ ఇప్పుడు చెప్తున్నాడు, "సింపుల్ మేడం, అది ఆటోమేటిక్" అని.

ట్యాబ్ తెరిచాను. ఉడుత ఆదివారం ఆ పాత ప్రశ్న కిందే రాసింది.

"టీచర్, నా సందేహం తీరిందని వచ్చింది. నాకు తెలియకుండా తీరిందేమోనని మళ్లీ లెక్కలు చేసి చూశాను. తీరలేదు. నేనే ఏదో సరిగ్గా చదవలేదేమో. సారీ టీచర్."

సారీ ఆ పిల్ల చెప్పింది.

ఇంతకంటే ఇవాళ రాయలేను.

25, మంగళవారం. సాయంత్రం 4:00

క్లాసులోకి వెళ్లి హాజరు కూడా తీసుకోకుండా చెప్పేశాను. "శుక్రవారం మీకు వచ్చిన సందేశం అబద్ధం. నేనొక్క ప్రశ్న కూడా చదవకుండా బటన్ నొక్కాను. తప్పు మీది కాదు, నాది."

అప్పుడు క్లాసు లీడరు లేచింది.

"మాకు తెలుసు టీచర్."

"ఎలా తెలుసు?"

"నేనసలు ప్రశ్నే అడగలేదు టీచర్. ఊరికే 'హాయ్' అని పెట్టాను. నా సందేహం తీరిందని వచ్చింది."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత క్లాసంతా నవ్వింది. నాకూ ఆగలేదు. నవ్వుతూనే ముప్ఫై ఎనిమిది మొహాలూ చూశాను. ఉడుత కూడా నవ్వి ఉంటుంది. నవ్వి ఉంటే బాగుండును.

ఆ తర్వాత స్టాఫ్‌రూంకి వెళ్లి, కంప్యూటర్ సార్ చూపించిన చోట నొక్కి, అన్నిటినీ మళ్లీ తెరిచాను. తెర మీద నా పేరు భగ్గుమని ఎర్రబడింది. 112. పెద్ద మేడం పరుగున వచ్చారు.

"మేడం! నిన్ననే కదా చప్పట్లు కొట్టాం!"

జరిగింది దాచకుండా చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడి, "ఆ బటన్ మిగతావాళ్లకి చెప్పకండి" అన్నారు. పెట్టె మూసేయకండి, నెల రోజులు గడువివ్వండి అని అడిగాను. ఆవిడ ఎర్ర అంకె వంక, నా వంక చూసి సరేనన్నారు.

26, బుధవారం. సాయంత్రం 6:30

భోజనాల బల్ల మీద కాగితాలు. గీతలు, గళ్లు, వృత్తాలు. తొమ్మిది కాగితాలు నలిపేశాను. అత్తగారు దగ్గు మందు సీసా పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏమిటమ్మా అంత తంటా?"

"అరని పావుతో భాగిస్తే రెండు ఎందుకొస్తుందో చెప్పాలి అత్తయ్యా. తిరగేయకుండా."

ఆవిడ సీసా ఎత్తి చూసుకున్నారు. "ఇందులో అర కప్పు మందు మిగిలింది. పూటకి పావు కప్పు తాగాలి. నిండు కప్పుంటే నాలుగు పూటలొచ్చేవి. సగమే ఉంది కనక నాలుగులో సగం, రెండు పూటలు. రేపటికల్లా కొత్త సీసా తెమ్మని మీ ఆయనతో చెప్పు. ఇందులో తిరగేసేదేముంది?"

కొత్త కాగితం లాక్కున్నాను.

నిండు కప్పులో పావులు నాలుగు. పావుని, అంటే నాలుగింట ఒకటిని, తిరగేస్తే వచ్చేదీ ఆ నాలుగే. ఉన్నది అర, కాబట్టి నాలుగులో సగం. తిరగేసేది అందుకు! ఒక నిండు కప్పులో ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టుకుంటున్నాం, అంతే!

"అత్తయ్యా, మళ్లీ చెప్పండి, రాసుకుంటాను."

"ఇన్నేళ్లూ ఇది చెప్పకుండానే పిల్లల చేత తిప్పించావా?" అన్నారు ఆవిడ.

"తిప్పించాను."

ఆవిడ కోప్పడలేదు. మందు కప్పు కడిగి తెచ్చి నా ముందు పెట్టారు. దాని మీది కొలత గీతలు కనపడేలా ఫోటో తీసుకోమన్నారు.

27, గురువారం. మొదటి రోజు. సాయంత్రం 5:20

తీర్మానం:
రోజుకి ఒక్క ప్రశ్నయినా సరే, చదివి జవాబు రాయాలి. తెలియకపోతే తెలియదని రాయాలి. ఇంకేమీ లేదు.

ఉడుతకి రాశాను. కప్పు ఫోటో పెట్టాను, పూటల లెక్క పెట్టాను. చివర్లో 'నీ తప్పేమీ లేదు. ఈ ప్రశ్న నన్ను ఇరవై తొమ్మిదేళ్ల కిందటే ఎవరైనా అడిగి ఉండాల్సింది. ఆలస్యానికి సారీ' అని రాశాను. 'తీరింది' మాత్రం నొక్కలేదు. అది నేను నొక్కేది కాదు. పెద్ద మేడంతో మాట్లాడి, ఆ బటన్ పిల్లల వైపుకి మార్పించమని కంప్యూటర్ సార్‌ని అడిగాను. "అది అంత సింపుల్ కాదు మేడం" అన్నాడు, మొదటిసారి. అయినా చేస్తానన్నాడు.

సాయంత్రం 5:50

జవాబొచ్చింది, కొత్త ప్రశ్నగా.

"టీచర్, పావుకి అర్థమైంది!! మూడింట రెండు వంతులతో భాగిస్తే ఎలాగో అర్థం కాలేదు. ఒక కప్పులో అవి ఎన్ని ఉంటాయి? మీకు కుదిరినప్పుడు చెప్పండి. తొందరేం లేదు."

పెండింగ్: 113. కూరలోకి తరగాల్సినవి అలాగే ఉన్నాయి. కాగితాలు తీసి, కప్పు ముందు పెట్టుకుని, 'ఫోన్ దగ్గరే ఉండు, ఇప్పుడే చూద్దాం' అని రాశాను.